కుట్టు కొస

దారం ఊడదీయగానే తుమ్మొచ్చింది.
ఇరవయ్యారేళ్ల కిందటి ఫైలు,
ఘాటింకా చావలేదు.

మృతుడు బందెల ఏసుపాదం, ముప్పైనాలుగేళ్లు,
గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
"బస్తాల నెట్టు కూలి మీదపడి, ఊపిరాడక" అని
గుండ్రటి అక్షరాలతో ఎవరో రాశారు.
ఎవరో ఏంటి, నేనే.

అప్పుడు లాలాపేట స్టేషన్లో కొత్త కానిస్టేబుల్ని.
దస్తూరి బాగుంటుందని పంచనామాలన్నీ నాచేతే రాయించేవారు.
ఆ రాత్రి కోల్డ్ స్టోరేజీలో పళ్లు టకటకలాడుతుంటే
ఎస్సై గారు చెప్పుకుపోయారు, నేను రాసుకుపోయాను.
తల వెనక గుంట గురించి ఆయన చెప్పలేదు.
నేను చూశాను.
కలం ఒక్క క్షణం ఆగింది. ఆ చోట సిరా చుక్క
ఇప్పటికీ ఉంది, కందిగింజంత.

నెత్తురేదీ అంటారా?
మిరపకాయ మీద నెత్తురు కనపడదు.
ఆ సంగతి తెలిసినవాళ్లే ఆ చోటు ఎంచుకున్నారు.

రిటైర్మెంటు నలభై రోజులుందనగా
కేసు తిరగదోడతానని అర్జీ పెట్టుకున్నాను.
"మీరా గారూ, ఇప్పుడిదేం పోయేకాలం" అని నవ్వాడు డీఎస్పీ.
పిల్లవాడు, నా కూతురికన్నా చిన్న.
సంతకం మాత్రం పెట్టాడు.

సాక్షుల్లో సగంమంది మట్టిలో ఉన్నారు.
మిగతావాళ్లకి మతిమరుపు.
యార్డులో ఇప్పుడన్నీ కరెంటు కాటాలు.
మిగిలింది దీవెనమ్మ,
నల్లచెరువు మూడో లైను మొగలో, ఇడ్లీ బండి దగ్గర.

నన్ను చూసి గరిటె ఆపలేదు.
"ప్లేటెంతమ్మా" అంటే
"రాసినోడివి నువ్వేగా" అంది.
తిన్నాను. ముక్క దిగలేదు.
బండి సర్దుకుంటూ తనే అందుకుంది:

"షావుకారు రెండు బస్తాలు పంపాడయ్యా, దినాల ఖర్చుకని.
కారం కొట్టించి అమ్మాను. పిల్ల ఫీజు కట్టాను.
ఆయన మీద పడ్డ కాయలేనేమో, ఎవరికి తెలుసు.
ఒక బస్తాకి మాత్రం కొస దొరకలేదు.
చిన్నప్పట్నుంచీ దబ్బనం పట్టిన చెయ్యి నాది,
ఎడమవైపు లాగితే జలజలా ఊడాలి కుట్టు.
ఊడదే! ముడి కుడివైపుంది.
పుర్రచేత్తో కుట్టారెవరో.
విప్పితే, అడుగున ఇదిగో, ఈ రాయి."

పిండి గిన్నె మూత మీద, పిల్లులు తీయకుండా,
ఇరవయ్యారేళ్లుగా కూర్చునే ఉంది
అయిదు కిలోల ఇనప తూకంరాయి.

పక్క కిరాణా కొట్లో కాటా మీద పెట్టాను.
ఎర్రంకెలు గబగబా పరిగెత్తి ఆగాయి:
అయిదు కిలోల నాలుగువందల పది.
కొట్టతను సున్నా చేసి మళ్లీ చూశాడు. అంతే.
బోర్లించి గీకితే సీసం మెరిసింది.

ఏసుపాదం ఆ రోజు ఎవరికి చెబుతానన్నాడో,
ఏ రైతు పక్కన నిలబడ్డాడో ఇక తెలియదు.
రాయి దొంగదని తేల్చినవాణ్ణి ఆ రాతితోనే తేల్చేసి,
దాన్ని కాయల్లో కుక్కి, కంగారులో తామే కుట్టుకుని,
తెల్లారాక ఎవడో ఎరగని కూలీ చేత
ఆ బస్తానే అతని ఆలికి పంపారు.

షావుకారు పోయాడు.
ఆయన కింద బస్తాలు కుట్టినవాళ్లలో
పుర్రచేతివాళ్లు లేరు, ఒక్కొక్కరినీ అడిగాను.
బావమరిది ఉన్నాడు. అరండల్‌పేటలో, పై వాటాలో,
కుండీలకి నీళ్లు పోసుకుంటూ.

బయల్దేరేముందు సాక్షుల జాబితా రాశాను.
మొదటి పేరు షేక్ నాగుల్ మీరా.
అప్పటి కానిస్టేబుల్. చూసి, రాయనివాడు.
దస్తూరి ఇప్పుడంత బాగా లేదు.

కోడలు మంచినీళ్లు తెచ్చింది.
ఆయన నోటీసు చదివాడు,
కళ్లజోడు మార్చి మళ్లీ చదివాడు.
"ఎక్కడ పెట్టాలి సంతకం?"
అడుగున, అన్నాను.

పెన్ను బల్ల మీద సరిగ్గా మధ్యన ఉంచాను.
చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.
ఏదీ లేవలేదు, చాలాసేపు.